కూతురు చేనుకెళ్ళింది

ఊరి బయట, పెద్దరోడ్డు దాటాక, కంచె వేసిన మైదానంలో పాతకాలపు పల్లె ఒకటి ఉంది. పల్లె అంటే నిజం పల్లె కాదు. ఎక్కడెక్కడో కూలిపోబోతున్న మట్టిగోడల ఇళ్ళనీ, ఒక కమ్మరి కొలిమినీ, ఒక గానుగనీ ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వస్తారు, పాతరోజుల్లో ఇలా బతికేవాళ్ళటరా అని పిల్లలకి చూపిస్తారు, ఫోటోలు దిగుతారు, కాళ్ళు పీకుతున్నాయని తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. బోర్డు మీద దాన్ని మ్యూజియం అని రాశారు. అందులో పనిచేసేవాళ్ళు మాత్రం "లోపల" అంటారు. "లోపలికెళ్తున్నా", "ఇప్పుడే లోపల్నించి వచ్చా" అంటుంటే వినేవాళ్ళకి జైలు గురించి చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

ఈ పల్లెలో ఆఖరి ఇల్లు రైతు ఇల్లు. గుమ్మం పక్కన గోడకి ఒక చెక్కపలక కొట్టి, దాని మీద "రైతు, ఇల్లాలు, కూతురు" అని రంగుతో రాశారు. రైతు అరుగు మీద కూర్చుని తాడు పేనుతుంటాడు, ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంటుంది, కూతురు మూలన కవ్వం పట్టుకుని చిలుకుతుంటుంది అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. రైతు ఉన్నాడు. ఇల్లాలు ఉంది. కూతురు లేదు. పలక రాయించిన మహానుభావులకి దాన్ని చెరిపించే తీరిక దొరకలేదు. అందుకని వచ్చిన ప్రతివాళ్ళూ పలక చదివి, తల లోపలికి పెట్టి, "మరి కూతురేదీ?" అని అడుగుతారు.

"చేనుకెళ్ళిందండీ, వచ్చేస్తుంది" అంటాడు రైతు.

నాలుగేళ్ళుగా ఇదే జవాబు. అది ఏ చేనో, అన్నాళ్ళు అక్కడేం చేస్తోందో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అసలా రైతు రైతే కాదు. పుట్టి బుద్ధెరిగి నాగలి పట్టలేదు. సిటీబస్సులో కండక్టరుగా చేసేవాడు. బస్సుల్లో టిక్కెట్టు మిషన్లు వచ్చి ఉద్యోగం ఊడితే, ఎవరో చెప్పగా పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చాడు. మ్యూజియం వాళ్ళకి కావలసింది కుటుంబానికి కుటుంబం. ముగ్గురూ బక్కపల్చగా, ఎండకి ఆరినట్టు ఉన్నారు కాబట్టి సరిపోతారనుకుని తీసుకున్నారు. కొన్నాళ్ళు నేర్పించారు. తలగుడ్డ చుట్టడం వచ్చింది, తాడు పేనడం వచ్చింది, కండక్టరుతనం మాత్రం ఎక్కడికీ పోలేదు. జనం గుమ్మంలో అడ్డంగా నిలబడితే, "ముందుకి జరగాలి, లోపల ఖాళీ ఉంది, జరగాలి జరగాలి" అంటాడు. పెరట్లో ఎద్దుల్ని కదిలించాలంటే "రైట్, రైట్" అనేస్తాడు. పాపం ఎద్దులు కూడా దానికే అలవాటుపడ్డాయి. తోటివాళ్ళంతా ఆయన్ని కండక్టరనే అంటారు. మనమూ అలాగే అందాం. ఆయన భార్యని, పలక మీద ఉన్నట్టు, ఇల్లాలందాం.

ఇల్లాలి పని పొయ్యి. లోపల తిండి వండకూడదని నియమం, ఎవరైనా తిని వాంతులు చేసుకుంటే మ్యూజియం పీకకి చుట్టుకుంటుందని. అందుకని ఆవిడ రోజంతా కుండలో ఉత్తి నీళ్ళు కాస్తుంది. అవి మరిగి ఇంకిపోతే మళ్ళీ పోస్తుంది. మధ్యమధ్యలో చేట తీసుకుని గింజలు చెరుగుతుంది. అవి ఏనాడో చెరిగేసిన గింజలు, పొట్టన్నది ఎగిరిపోయి ఏళ్ళయింది. ఇంత చాకిరీ చేసి ఒక్క ముద్ద కూడా తయారుకాని వంటిల్లు ఇంకెక్కడా ఉండదని ఆవిడ నమ్మకం. పొగ మాత్రం నిజం పొగే. నడుంనొప్పీ నిజం నొప్పే. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ నిజం వంట చెయ్యాలంటే ఆవిడకి ఏడుపొచ్చేది.

ఇక కూతురి సంగతి. అది కూడా కొన్నాళ్ళు బుద్ధిగానే కవ్వం తిప్పింది. కుండలో ఉన్నది పెరుగు కాదు, సున్నం కలిపిన నీళ్ళు. "ఎంత చిలికితే మాత్రం సున్నంలోంచి వెన్నొస్తుందామ్మా?" అని నవ్వేది మొదట్లో. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు ఇంటినిండా జనం ఉన్నారు. కండక్టరుకి జనాన్ని చూస్తే ఒళ్ళు తెలియదు. మా తాతల నాటినుంచీ ఈ మట్టినే నమ్ముకున్నాం అని గొంతెత్తి మొదలుపెట్టాడు. అందులో ఒకాయన, నిజంగా వ్యవసాయం తెలిసినవాడిలా ఉన్నాడు, ఏ విత్తనం ఏ తడికి వేస్తారని అడిగాడు. కండక్టరు నీళ్ళు నమిలాడు. అప్పుడు మూలలోంచి కూతురు కవ్వం వదిలేసి లేచి అంది:

"ఆయన్నేం అడుగుతారండీ? మా నాన్న బస్సు కండక్టరు. ఏ స్టాపు తర్వాత ఏ స్టాపు వస్తుందో అడగండి, గడగడా చెప్తాడు."

జనం కడుపులు పట్టుకుని నవ్వారు. కూతురూ నవ్వింది. ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభసయింది. "ఇక నా గడప తొక్కకు" అన్నాడాయన. అది మాత్రం ఎవరి కూతురు? తెల్లారేసరికి సంచీ సర్దుకుని దూరపు ఊళ్ళో అచ్చాఫీసులో పనికి పోయింది. కొన్నాళ్ళకే అక్కడ ఒక లారీ మెకానిక్కుని పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళికి ఇల్లాలు ఒక్కతే వెళ్ళొచ్చింది.

వచ్చిన రోజే మొగుడి ముందు నిలబడి చెప్పింది: "మీరు ఫోను చేసి దాన్ని రమ్మని పిలిచేదాకా ఈ ఇంట్లో నేను నోరు విప్పను. ఒట్టు."

"విప్పకు. చెవులకి హాయి" అన్నాడు కండక్టరు. తను కూడా విప్పనని నోటితో అనలేదు గానీ, విప్పలేదు.

ఇద్దరిదీ ఉడుంపట్టే. అయితే ఇల్లాలు "ఈ ఇంట్లో" అంది, గమనించారా? మ్యూజియంలో ఇల్లు ఆ ఇల్లు కాదుగా. పైగా రైతూ ఇల్లాలూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటూ ఉండాలి, అప్పుడే చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుందని డైరెక్టరు ఆర్డరు. ఉద్యోగం ఉద్యోగమే కదా. కాబట్టి లోపల, జనం ఉన్నంతసేపూ, ఇద్దరూ చక్కగా మాట్లాడుకునేవాళ్ళు. సంసారానికి కావలసినవన్నీ అక్కడే తేలిపోయేవి.

"ఏవండీ, వెనకగదిలో పైకప్పు కారుతోంది, ఎప్పుడు చూస్తారు?" అనేది ఇల్లాలు. జనం అందరూ తలలెత్తి మ్యూజియం వారి పూరికప్పు వైపు చూసేవాళ్ళు.

"రేపు చూస్తాలేవే" అనేవాడు ఆయన. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని తమ అద్దె ఇంటి రేకుల మీదికి ఎక్కేవాడు, మాటా పలుకూ లేకుండా.

"నా మోకాళ్ళ మందైపోయిందండీ" అనేది. గైడు వెంటనే అందుకుని, ఆ రోజుల్లో మందులన్నీ ఆకుల్లోంచే తీసేవాళ్ళని జనానికి పాఠం చెప్పేవాడు. సాయంత్రానికల్లా మందులషాపు పొట్లం ఇంట్లో బల్ల మీద ఉండేది. జనం బయటికి వెళ్ళిపోగానే ఇద్దరికీ నోళ్ళు పడిపోయేవి. మళ్ళీ జనం వచ్చేదాకా ఆయన తాడు ఆయనది, ఆవిడ నీళ్ళు ఆవిడవి.

ఒక్క విషయం మాత్రం అక్కడ కూడా తెగలేదు. కూతురి ఊసెత్తబోతే చాలు, కండక్టరు జనం వైపు తిరిగి, "ఇటు రండి, ఎద్దుల్ని చూద్దురుగాని, ముందుకి జరగాలి" అని అందర్నీ పెరట్లోకి తోలుకుపోయేవాడు. ఇల్లాలు కొన్నాళ్ళకి విసిగిపోయి ఊరుకుంది. మనిషికి పట్టుదల ఉండొచ్చు, ఓపిక కూడా ఉండాలిగా.

అలా రోజులు వెళ్ళిపోతూ ఉండగా డైరెక్టరు ఇద్దర్నీ పిలిచి కొత్త కబురు చెప్పాడు. రైతు ఇంట్లో ఇక బొమ్మలు పెడతారట. మైనం బొమ్మలు. గుమ్మంలో మనిషి అడుగుపెట్టగానే వాటంతటవే మాట్లాడతాయి, చేతులు ఆడిస్తాయి. "మనుషులైతే జబ్బుపడతారు, సెలవులడుగుతారు, ఒక్కోసారి ఒక్కోటి మాట్లాడతారు" అన్నాడు నవ్వుతూ. ఉద్యోగాలు పోవులెండి అని ధైర్యం కూడా చెప్పాడు. పెద్దాయనకి గేటు దగ్గర టిక్కెట్లు చింపే పని, అలవాటైనదే. అమ్మకి వెనక షెడ్డులో బొమ్మల బట్టలు కుట్టి, ఉతికే పని. ఇల్లాలికి కుట్టుపని బాగా వచ్చు కాబట్టి బొమ్మల బట్టలు అప్పటినుంచే ఆవిడ చేతికిచ్చారు. మూడు బొమ్మలు. పలకలో ఉన్నట్టే, రైతు, ఇల్లాలు, కూతురు. తన బట్టలు తనే ఎవరికో కుట్టిపెడుతున్నట్టుంది ఆవిడకి. పైగా కొలతలు తనవే, నడుము దగ్గర మాత్రం తనకంటే సన్నం.

రైతు ఇంట్లో మనుషులుండే ఆఖరి రోజు ఇదే. నిన్న పొద్దున్న ఇల్లాలు వీధిలో నీళ్ళ పంపు దగ్గరుండగా కూతురు ఫోను చేసింది. నెలలు నిండాయి, వచ్చే వారంలో కాన్పంది డాక్టరు. మొగుడు లారీల వెంట తిరుగుతుంటాడు, చూసేవాళ్ళు లేరు. "నువ్వు వస్తావామ్మా?" అని అడిగి, "నాన్న ఏమన్నా అంటాడా?" అని కూడా అడిగింది. ఆ రెండో ప్రశ్న ఇల్లాలి గుండెల్లో ముల్లులా దిగిపోయింది.

రాత్రంతా ఆలోచించి ఒక నిశ్చయానికొచ్చింది. ఆయన చెవిన వెయ్యాలి. చెప్పడానికి ఈ ఒక్క రోజే మిగిలింది, రేపటినుంచి ఆయన గేటు దగ్గర, తను షెడ్డులో. ఆయన నోటినుంచి పిల్లని పిలుస్తానన్న మాట వస్తే సరే. రాకపోతే రేపు పొద్దున్న బస్సెక్కి కూతురి దగ్గరికి పోతుంది, ఇక తిరిగి రాదు. ఇంట్లో గోడలతో కాపురం చేసింది చాలు. సంచీలో రెండు జతల బట్టలు సర్ది మంచం కిందకి తోసి మరీ వచ్చింది.

పొద్దున్నించీ ఒక్క నరపురుగూ రాలేదు. ఎండ మండిపోతోంది. కండక్టరు తాడు పేనుతూ కూర్చున్నాడు, ఇల్లాలు పొయ్యిలోకి పుల్లలు తోస్తూ కూర్చుంది. జనం లేకుండా మాట్లాడకూడదని వాళ్ళకెవరూ శాసనం చెయ్యలేదు. కానీ నాలుగేళ్ళు పాటించిన పద్ధతి, అది చట్టం కంటే గట్టిది. ఎవరైనా రండర్రా, ఒక్క మనిషైనా రండి అని ఆవిడ లోపల మొక్కుకుంటోంది.

భోజనాల వేళ దాటాక ఒక బస్సు వచ్చి ఆగింది. నిండా ఆడవాళ్ళు, ఏదో కార్ఖానా నుంచి విహారయాత్రకి వచ్చారు. కొలిమీ గానుగా చూసి చూసి అప్పటికే వాళ్ళ ముఖాలు వాడిపోయి ఉన్నాయి. ఇంటినిండా దూరారు. గొడుగు చంకలో పెట్టుకున్న ఒకావిడ పలక చదివి, రోజూ అందరూ అడిగేదే అడిగింది:

"మరి కూతురేదండీ?"

"చేనుకెళ్ళిందమ్మా, వచ్చే..."

"చేనుకెళ్ళలేదు" అంది ఇల్లాలు పొయ్యి దగ్గర్నుంచే. "నెలలు నిండాయి. వచ్చే వారం కాన్పు. తోడెవరూ లేరు."

కండక్టరు చేతిలో తాడు ఆగిపోయింది. అప్పటిదాకా కాళ్ళు పీకుతున్నాయని మూలిగిన వాళ్ళందరికీ ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది.

"అయ్యో! మరి ఇక్కడికి తీసుకురాలేదేం?" అంది గొడుగావిడ.

"ఆయన గడప తొక్కొద్దన్నారు."

"ఎందుకని?"

"అడగండి ఆయన్నే."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఒకావిడ, "ఎంత తప్పు చేస్తే మాత్రం కడుపుతో ఉన్న పిల్లనండీ?" అని నిలదీసింది. ఇంకొకావిడ, "మా నాన్నా ఇంతే, రాయి" అంది. వెనక ఎవరో, "భలే చేస్తున్నారే వీళ్ళు, నిజంలాగే ఉంది" అంది. ఇక ఎద్దుల దగ్గరికి తోలుకుపోవడానికి దారి లేదు, గుమ్మం నిండా ఆడవాళ్ళే.

కండక్టరు లేచి నిలబడ్డాడు. తలగుడ్డ సర్దుకున్నాడు. జనం తనవైపే చూస్తున్నారని తెలిస్తే ఆయన గొంతు దానంతటదే పెద్దదవుతుంది.

"ఎందుకు రానివ్వనమ్మా! నా బంగారుతల్లి! ఏదో కోపంలో అన్నాను. రేపు తెల్లవారుజామునే బండి కట్టుకుని వెళ్ళి, నా కూతుర్ని పూలలో పెట్టి తెచ్చుకోనూ!"

చప్పట్లు మోగిపోయాయి. గొడుగావిడ కళ్ళు తుడుచుకుంది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఇల్లాలు ఆ ఫోటోలన్నిట్లో తల దించుకునే ఉంటుంది. ఆవిడకి అర్థమైపోయింది. బండి కట్టుకుని వెళ్తాడట! పెరట్లో ఉన్న బండికి ఇరుసే లేదు, చక్రాలు కింద సిమెంటులో పాతేసి ఉన్నాయి. ఆ మాట చెప్పింది తన మొగుడు కాదు, పలక మీది రైతు. అంత పెద్ద మాట అంతమందిలో అనేసి, తనకి మాత్రం ఏమీ మిగల్చలేదు. ఆవిడకి కోపం కూడా రాలేదు. కోపం రావడానికి కూడా కొంచెం సత్తువ కావాలి.

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ కూర్చుని తాడు అందుకున్నాడు, ఆవిడ వైపు చూడలేదు.

మూసే వేళ దగ్గరపడ్డాక ఒక్క మనిషి వచ్చాడు. మందుల కంపెనీ ప్రతినిధో, బ్యాంకు మనిషో, మెడలో టై వదులు చేసుకుని, చేతిలో బరువైన బ్యాగు. మ్యూజియం మీద ఇష్టంతో వచ్చినట్టు లేడు, నీడ కోసం వచ్చినట్టున్నాడు. పలక చదవలేదు, కూతురేదని అడగలేదు. అరుగు చివర బ్యాగు పెట్టుకుని, దానికి తల ఆనించి, రెండు నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

ఇల్లాలు పొయ్యి దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏవండీ, ఇందాక అన్నమాట ఎవరికి చెప్పారు? వాళ్ళకా, నాకా?"

కండక్టరు నిద్రపోతున్న మనిషి వైపు చూపు విసిరాడు. నోరు విప్పలేదు, చేత్తో సైగ చేశాడు. నిద్రపోతున్నాడు, లెక్కలోకి రాడు అని.

"నిద్రపోతే మాత్రం మనిషి కాదా? టిక్కెట్టు కొనుక్కున్నాడు. బస్సులో నిద్రపోయినవాడికి టిక్కెట్టు కొట్టకుండా వదిలేశారా మీరెప్పుడైనా?"

ఇది ఆయనకి తగిలింది. కండక్టరుగా చేసినన్నాళ్ళూ ఒక్కణ్ణి ఊరికే వదిలిన మనిషి కాదు. కాసేపు తాడు కొస వేళ్ళతో విప్పుతూ కూర్చున్నాడు.

"అంతమందిలో నన్ను కండక్టరంది" అన్నాడు చివరికి.

"కండక్టరేగా మీరు."

"కండక్టర్నే. అన్నందుక్కాదు." గొంతు బాగా తగ్గించాడు. పక్కనున్న మనిషి లేస్తాడని కాదు, ఆ మాట పెద్దగా అనడం ఆయనకి చేతకాలేదు. "అది నవ్వింది. వాళ్ళు నవ్వితే నవ్వారు, వాళ్ళెవరు నాకు? అది వాళ్ళతో కలిసి నన్ను చూసి నవ్వింది."

నాలుగేళ్ళూ ఇల్లాలు ఆ పిల్ల అన్న మాట గురించే ఆలోచించింది, నవ్వు సంగతి ఆవిడ మనసుకే రాలేదు. నిజమే, నవ్వింది. తనకీ గుర్తుంది. ఇంకా చెప్పాలంటే ఆ రోజు పొయ్యి దగ్గర తనకీ నవ్వొచ్చింది, పమిట అడ్డం పెట్టుకుంది కాబట్టి ఆయన చూడలేదు.

"చిన్నపిల్లండీ అప్పుడు" అంది.

ఆయన ఏదో అనబోయాడు. అంతలో మూసే గంట మోగింది. అరుగు మీద మనిషి ఉలిక్కిపడి లేచి, "సారీ, సారీ" అంటూ బ్యాగు తీసుకుని పరుగులాంటి నడకతో పోయాడు. ఆయన నోరు మూసుకున్నాడు. ఆవిడా ఊరుకుంది. తొందరెందుకురా నాయనా, ఇంకో నాలుగు నిమిషాలు గుర్రు పెడితే నీ సొమ్మేం పోయేది అనుకుంది.

బట్టలు మార్చుకునేసరికి పనివాళ్ళు తోపుడుబండి మీద బొమ్మల్ని తెచ్చారు. రైతు బొమ్మని అరుగు మీద కూర్చోబెట్టారు. ఇల్లాలి బొమ్మని పొయ్యి దగ్గర వంచి నిలబెట్టారు, దానికి నడుంనొప్పి లేదు కాబట్టి వంగినట్టే ఉంటుంది. కూతురి బొమ్మని మూలన కూర్చోబెట్టి, కుడిచేతికి కవ్వం తాడు కట్టబోయారు.

"ఆ చెయ్యి కాదు. ఎడం చెయ్యి" అన్నాడు కండక్టరు గుమ్మంలోంచి.

"ఎందుకండీ, కుడిచేత్తోనే చిలుకుతారుగా అందరూ?"

"ఇది ఎడంచేత్తోనే చిలుకుతుంది."

పనివాళ్ళు ముఖాలు చూసుకుని, పెద్దాయనతో గొడవెందుకని తాడు ఎడంచేతికి కట్టారు. ఆయన ఇంకాసేపు నిలబడి, బొమ్మ ముఖం మీద పడుతున్న జుట్టు వెనక్కి తోసి, బయటికి నడిచాడు. ఇల్లాలు చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది. ఒక బొమ్మ జుట్టు సర్దితే ఏమొచ్చె? పిల్లని పిలవాలిగా.

బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. ఎప్పటిలాగే ఆయన ముందు, ఆవిడ వెనక. ఇంటికొచ్చాక ఆవిడ స్టవ్వు వెలిగించి బియ్యం పడేసింది. ఈ అన్నమే ఆఖరు అనుకుంది. అలా అనుకుంటే ఏడుపు రావాలి, రాలేదు. ఒంట్లో ప్రతి ఎముకా విడివిడిగా నొప్పిపుడుతోంది. రేపు పొద్దున్న బస్సులోనైనా కూర్చుని కాస్త కునుకు తియ్యొచ్చు అనుకుంది, అదొక్కటే సుఖంగా తోచింది. మంచం కింద సంచీ లాగి దువ్వెన, మోకాళ్ళ మందు అందులో పెట్టింది.

ఆయన చూశాడు. చాటు చెయ్యాలని ఆవిడ అనుకోలేదు కూడా.

కండక్టరు ముక్కాలిపీట మీద కూర్చుని జేబులోంచి ఫోను తీశాడు. ఏవో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. కళ్ళకి దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. స్టవ్వు వైపు, అంటే ఆవిడ వీపు వైపు చూసి అన్నాడు:

"దాని నంబరు లేదు నా దగ్గర. అప్పుడే తీసేశాను."

ఆ ఇంట్లో మగగొంతు విని ఎన్నాళ్ళయిందో, ఇల్లాలు ఉలిక్కిపడి గరిట జారవిడిచింది. ముందు సంతోషం పొంగింది. ఆ వెంటనే చిక్కు కనబడింది. ఆయన ఫోను చేసేదాకా ఈ ఇంట్లో నోరు విప్పనని ఒట్టు పెట్టింది తను. నంబరు చెప్తే గానీ ఆయన ఫోను చెయ్యలేడు. చెప్పాలంటే నోరు విప్పాలి.

తన ఫోను కలిపి ఆయన చేతికివ్వొచ్చు. కానీ ఆ మనిషి సంగతి తనకి తెలుసు. పిల్ల "అమ్మా" అని పలకరించగానే ఆయన గభాలున ఫోను తనకే ఇచ్చేసి తప్పుకుంటాడు. చెయ్యాల్సింది ఆయన ఫోనులోంచే. పోనీ కాగితం మీద రాసివ్వొచ్చు. అలమారలో పెన్సిలుంది. ఒట్టు నిలబడుతుంది, గెలిచినట్టూ అవుతుంది. అలమారదాకా వెళ్ళడానికి ఒక అడుగు వేసింది కూడా. గెలిచి ఏం చేసుకోవాలో తెలియక ఆగిపోయింది. గెలిచేందుకే నాలుగేళ్ళు బతికింది, ఇప్పుడు నాలుగడుగులు వెయ్యాలంటే ఒళ్ళు రానంటోంది.

"తొమ్మిది" అంది. ఆ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "తొమ్మిది, నాలుగు..."

ఆయన ఒక్కొక్క అంకె నొక్కుతూ, నొక్కినదల్లా పైకి చదువుతూ, మధ్యలో ఒకటి తప్పు నొక్కి, మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. అవతల మోగింది. స్పీకరు దానంతటదే ఆన్ అయిందో, ఆయనే వేశాడో, ఆ మోత గదంతా వినబడుతోంది.

"హలో, ఎవరండీ?"

కండక్టరు నోరు తెరిచాడు. ఇంటినిండా జనాన్ని కూర్చోబెట్టి గంటలకొద్దీ ఊదరగొట్టిన మనిషి, ఫోను చెవికి ఆనించుకుని పీటమీద బిగుసుకుపోయాడు.

"ఎవరండీ మాట్లాడేది?" పిల్ల గొంతులో ఆయాసం ఉంది. "ఎవరో చెప్పకపోతే పెట్టేస్తున్నా."

"నాన్ననని చెప్పండి" అంది ఇల్లాలు, పెదాలు కదిపి కాదు, పైకే.

"నేనమ్మా. నాన్నని" అన్నాడాయన.

ఆయన రమ్మన్న మాట అనబోయేంతలో ఫోనులోంచి కేక వినబడింది.

"నాన్నా? అమ్మకేమైంది? అమ్మకేమైంది నాన్నా? చెప్పు!"

ఆయనకి అర్థం కాలేదు. ఇల్లాలికి అర్థమైంది. తండ్రి ఫోను చేశాడంటే తల్లి పోయుండాలి తప్ప ఇంకో కారణం ఆ పిల్ల ఊహకే అందలేదు. ఆయన ముఖం వైపు చూస్తే, ఆయనకీ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారిపోతున్నాయి, "ఏం కాలేదు, ఏం కాలేదమ్మా, రమ్మందామని, నువ్వు రా తల్లీ" అంటున్నాడు గానీ, అక్కడ పిల్ల ఏడుపులో ఒక్క ముక్కా వినబడుతున్నట్టు లేదు.

ఇల్లాలు వచ్చి ఆయన పక్కన నేలమీద కూలబడి, ఫోను దగ్గరికి ముఖం పెట్టింది.

"నాకేం కాలేదే, ఇక్కడే ఉన్నా" అంది. "అలిసిపోయానంతే."